పేరు చెప్పొద్దన్న ప్రార్థన

పోయిన వారం మా ఇంటి ముందు చెప్పులు చూసినవాళ్ళకు ఏమనిపించి ఉంటుందో నాకు తెలుసు. మా కాశిబుగ్గ సందులో రోజూ తిరిగే ఆటో ఆయన అయితే బండి ఆపి మరీ అడిగాడు. "అక్కా, ఎవరు పోయిండ్రు?" అని. ఎవరూ పోలేదయ్యా, పిల్లకు పరీక్షలు అన్నాను. "పరీక్షలకు గింతమంది వస్తరా?" అని నన్ను అదోలా చూసి వెళ్ళిపోయాడు. వస్తారు! నాలాంటి తెలివిగల తల్లి ఇంట్లో ఉంటే ఎందుకు రారు? ముందే చెప్తున్నా, పిల్ల క్షేమంగా ఉంది, పరీక్ష కూడా రాసొచ్చింది, మీరేం కంగారు పడకండి. కంగారు పడే డ్యూటీ మొత్తం నేనే చేసేశాను. ఇదిగో, చాయ్ తాగుతూ వినండి. నవ్వితే నవ్వారు గానీ మా చర్చి స్త్రీల సమాజంలో మాత్రం ఎత్తకండి.

నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో బయాలజీ చెప్తానని మీకు తెలుసు కదా. వారానికోసారి టెన్త్ పిల్లలకు పరీక్షల భయం పోగొట్టే పీరియడ్ కూడా నాదే. "మేడమ్, మీ మాట మెత్తగ ఉంటది, మీరే తీసుకోండి" అని మా హెడ్‌మాస్టర్ నా మెడకు కట్టారు. నేనూ బాగానే చెప్తాను. చదువెంత అవసరమో ఆట అంత అవసరం అంటాను. కంటినిండా నిద్రపోతేనే చదివింది తలలో నిలుస్తుంది అంటాను. భయమేస్తే లోపల దాచుకోకండి, మీరు నమ్మిన ఒక్క మనిషికి చెప్పుకోండి అంటాను. పిల్లలు ఎంత శ్రద్ధగా వింటారో! కొందరైతే పీరియడ్ అయ్యాక నా వెనకాలే స్టాఫ్‌రూమ్ దాకా వచ్చి మాట్లాడుతారు. నేను చాలా గొప్పదాన్నని నాకు ఒక నమ్మకం ఉండేది.

ఇక ఇంటికి రండి. మా అమ్మాయి షారోను, ఇంట్లో పండు అంటాం. ఇంటర్ సెకండియర్, బైపీసీ. చర్చి క్వయర్‌లో పాడుతుంది. సాయంత్రమైతే సందులో పిల్లలందరినీ పోగేసి షటిల్ ఆడేది. ఎదురింటి మగ్గం చప్పుడు, మా పండు అరుపులు కలిసి సందంతా మోగిపోయేది. అలాంటి పిల్ల క్రిస్మస్ అయిపోయినప్పటి నుంచి ఒక్కొక్కటే మానేస్తూ వచ్చింది. ముందు షటిల్. తర్వాత ఇంట్లో పాట. ఆ తర్వాత కంచంలో అన్నం సగం వదిలేయడం మొదలైంది. కళ్ళ కింద నలుపు. పుస్తకం ముందు కూర్చుంటుంది, ఎంతసేపు చూసినా పేజీ తిరగదు.

నేనూరుకుంటానా? స్కూల్లో చెప్పేదే ఇంట్లో మొదలుపెట్టాను. గది గుమ్మంలో నిలబడి, "పండూ, జర రిలాక్స్ అవ్వు బిడ్డా" అనడం. కాసేపాగి మళ్ళీ వెళ్ళి, "అయినవా?" అనడం! బ్యాట్ చేతికిచ్చి సందులోకి తోసి, గేటు దగ్గర వాచ్ చూసుకుంటూ, "ఆడు బిడ్డా ఆడు, ఇంక జువాలజీ ఉన్నది, జల్ది జల్ది ఆడు" అనడం! గోడకు టైమ్‌టేబుల్ అంటించాను. చదువు, చదువు, టిఫిను, చదువు, నవ్వు, చదువు. అవును, నవ్వుకు కూడా పావుగంట ఇచ్చాను. దాన్ని చూసి పండు అడిగింది, "మమ్మీ, ఇప్పుడు నవ్వు పీరియడ్ నడుస్తాంది గని నాకు నవ్వొస్తలేదు, ఏం జెయ్యాలె?" అని. నాకు కోపమొచ్చింది. కోపంతో, "ప్రయత్నం చెయ్యాలె!" అన్నాను.

పబ్లిక్ పరీక్షలకు ఇంకో వారం ఉందనగా, ఒక సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే పండు వచ్చి పక్కన నిలబడింది.

"మమ్మీ, నీకొక మాట చెప్త. ఎవ్వరికి చెప్పొద్దు. డాడీకి గూడ."

ఆడపిల్ల తల్లికి అలాంటి మాట వినిపిస్తే ఎన్ని ఆలోచనలొస్తాయో మీకు చెప్పాలా?

"పుస్తకం తెరిస్తే అక్షరాలు కనవడ్తానయ్ గని లోపలికి పోతలేవు. హాల్ల పేపర్ ఇచ్చినంక అన్ని మర్చిపోయినట్టు, అందరు రాస్తాంటే నేనొక్కదాన్నే కూసున్నట్టు అనిపిస్తాంది. మస్తు భయమైతాంది మమ్మీ."

దగ్గరకు తీసుకున్నాను. "ఎవ్వరికి చెప్ప బిడ్డా. మాట" అన్నాను. ఆ రోజు కంచంలో అన్నం మొత్తం తిన్నది. నాకు ఎంత సంతోషమైందో! పిల్ల నమ్మిన ఒక్క మనిషిని నేనే అయ్యాను కదా.

కానీ ఆమె భయం ఎటు పోయిందనుకున్నారు? తిన్నగా నాకొచ్చేసింది. పిల్లకు కాస్త తేలికయింది గానీ నాకు నిద్ర కరువైంది. ఫెయిలై ప్రాణం తీసుకున్న పిల్లల వార్తలు ఉంటాయని రిజల్ట్స్ టైమ్‌లో పేపరే తెరవని మనిషిని నేను. ఆ వార్తలన్నీ గుర్తొచ్చాయి. ఎవరికన్నా చెప్పుకుంటే బాగుండు. ఎవరికి? మాటిచ్చానే! మా ఆయనకు చెప్పడానికి కూడా లేదు. మా ఆయన ప్రభుదాసు మార్కెట్ యార్డులో మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తా. ఇప్పుడు మిర్చి సీజన్. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా మండుతూ, ముక్కు కారుతూ, తుమ్ముల మీద తుమ్ములు. మాట తక్కువ మనిషి. చాయ్ తప్ప ఇంకో అలవాటు లేదు. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

శుక్రవారం సాయంత్రం స్త్రీల సమాజం మీటింగ్ మార్తమ్మ వదిన ఇంట్లో. ఆమే మా ప్రెసిడెంట్. మనసు వెన్న, గొంతు మాత్రం గట్టిది. ముగించే ముందు ప్రార్థన అవసరతలు చెప్పమంటారు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి కోడలు. నలుగురిలో చెప్పడం ఇష్టం లేనివాళ్ళు "చెప్పుకోలేని అవసరత" అంటే చాలు, ఎవరూ ఇంకేం అడగరు. దేవునికి తెలుసు కదా అని ఊరుకుంటారు.

ఆ మాట విన్నప్పుడు నా తలలో లైటు వెలిగింది. ఏం చెప్పకుండానే చెప్పుకునే దారి! అందరూ లేచాక మార్తమ్మ వదిన చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకెళ్ళాను.

"వదినా, మా పండు గురించి ఒక అవసరత ఉన్నది. ఏందో చెప్పుకోలేను. జర ప్రార్థన చెయ్యుండ్రి. పేరు మాత్రం బయటికి రావద్దు."

వదిన మొహం మారిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుంది. "ఫికర్ చెయ్యకు సువర్ణా. పేరు నా నోట్లకెల్లి రాదు" అంది.

నిజంగానే రాలేదు. పేరొక్కటే రాలేదు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు కదా, ఇంటికి వస్తూ ఆటోలో నాలో నేనే మురిసిపోయాను. మాట తప్పలేదు, బరువూ దిగింది. ఇంత తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందా అనుకున్నాను.

ఆదివారం ఆరాధన. క్వయర్ పిల్లలు ముందు వరుసలో, సంఘానికి ఎదురుగా కూర్చుంటారు. మా పండు మధ్యలో. ఆడవాళ్ళ వైపు నేను, మగవాళ్ళ వైపు మా ఆయన. ప్రార్థన సమయంలో మా పాస్టరు అయ్యగారు మైక్ దగ్గరికి తీసుకొని గొంతు తగ్గించారు.

"మన సంఘంలో ఒక కుటుంబం బయటికి చెప్పుకోలేని శోధనలో ఉన్నది. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. ఇంటర్ చదివే ఆ ఆడబిడ్డ కోసం, లోపల లోపల ఏడుస్తున్న ఆ తల్లి కోసం, కాశిబుగ్గలో ఉన్న ఆ ఇంటి కోసం అందరం కళ్ళు మూసుకొని ప్రార్థన చేద్దాం."

మా సంఘంలో ఇంటర్ చదివే ఆడపిల్లలే తక్కువ. వాళ్ళలో కాశిబుగ్గలో ఉండేది మా పండు ఒక్కతే! కళ్ళు మూసుకోమన్నారు కదా, ఒక్కరు మూసుకుంటే ఒట్టు. అందరి కళ్ళూ క్వయర్ వైపు, క్వయర్ నుంచి నా వైపు, నా నుంచి మా ఆయన వైపు. ఆయన సరిగ్గా అప్పుడే తుమ్మాడు. తుమ్మి, ఎర్రటి కళ్ళు తుడుచుకుంటూ, "ఏంది?" అన్నట్టు నన్ను చూశాడు. ఆ కళ్ళను సంఘమంతా చూసింది. పండు మాత్రం పాటల పుస్తకంలో నుంచి తల ఎత్తలేదు. పిల్ల చెవులు ఎర్రబడటం నాకు అంత దూరం నుంచి కూడా కనిపించింది.

ఇంటికొచ్చాక గేటు తీస్తూ పండు అంది, "ఎవ్వరికి చెప్ప అన్నవ్ గదా."

"నేను చెప్పలే బిడ్డా! నిజంగ ఏం చెప్పలే! అదే వచ్చిన తిప్పలు!"

"ఏం చెప్పకపోతే అయ్యగారికెట్ల తెల్సింది?"

పండు గదిలోకి పోయి తలుపు వేసుకుంది. మా ఆయన చెప్పులు విడుస్తూ, "నాకు తెల్వని అవసరత ఏంది సువర్ణా?" అన్నాడు. చెప్పుకోలేనిది అన్నాను. "నాకు గూడనా?" అన్నాడు. అంతే, ఇంకేం అడగలేదు. ఆ మనిషి మొహం చిన్నబోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం నుంచి షురూ అయింది. మీకు తెలుసు కదా మావాళ్ళ సంగతి. కష్టమని తెలిస్తే ఎవరూ ఇంట్లో కూర్చోరు. అలాగని వచ్చి, కష్టమేంటి అని మర్యాద తప్పి అడగరు. ఎవరికి తోచింది వాళ్ళు అనుకొని, దానికి తగిన ఓదార్పు వండుకొని వస్తారు.

మొదట మార్తమ్మ వదిన. బగారన్నం, చికెన్ టిఫిన్ బాక్స్‌లో పెట్టుకొని వచ్చింది. తిన్నగా పండు మంచం మీద కూర్చుంది. పండు చేతిలో సంస్కృతం పుస్తకం, బుధవారం మొదటి పరీక్ష అదే. మార్కులొస్తాయని ఇంటర్‌లో పిల్లలు అదే తీసుకుంటారు కదా.

"బిడ్డా, ఈ వయసుల మనసు ఒక్క తీరుగ ఉండది. నేనేం అడగ. పిలగాడు మన సంఘపోడేనా, బయటోడా?"

"ఏ పిలగాడు ఆంటీ?"

"పాపం, దాచుకుంటాంది" అని వదిన నాకేసి చూసి నిట్టూర్చింది. "దాచుకోనియ్. నేను ఎవ్వరికి చెప్పనుపో."

పండు నన్ను చూసింది. నేను ఏం చెప్పను? అది కాదు వదినా, పరీక్ష భయం అని చెప్తే మాట తప్పినట్టు. చెప్పకపోతే పిలగాడు ఉన్నట్టు! నోట్లో బగారన్నం పెట్టుకొని ఊరుకున్నాను.

సోమవారం సాయంత్రం ఇమ్మానుయేలు సారు వచ్చారు. సంఘ పెద్ద, రిటైర్డ్ హెడ్‌మాస్టర్, ఇప్పటికీ ఆయన ముందు కుర్చీలో కూర్చోవడానికి మా ఆయన జంకుతాడు. అదే టైమ్‌కు మా ఆయన యార్డు నుంచి వచ్చాడు. కళ్ళు నెత్తుటి ముద్దలు. ముక్కు కారుతోంది. స్కూటర్ స్టాండ్ జారి కాస్త తూలాడు కూడా. సారు లేచి ఆయన భుజం మీద చెయ్యేశారు.

"ప్రభుదాసూ, ఎప్పటి సంది ఇది?"

"సీజన్ షురూ అయిన కాన్నుంచి సార్."

"రోజూనా?"

"యార్డుకు పోయిన్నాడల్లా సార్. తప్పదు గద."

"పెండ్లాం పిల్ల కోసమన్న బంద్ చెయ్యలేవా?"

"బంద్ చేస్తే ఇల్లెట్ల నడుస్తది సార్?"

సారు కళ్ళల్లో నీళ్ళు! మా ఆయన తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. వ్యసనాల నుంచి విడిపించమని. మధ్యలో మా ఆయన తుమ్మితే, దాన్ని కూడా మంచి గుర్తుగానే తీసుకున్నారు. సారు వెళ్ళాక మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "మిర్చి పని మీద ఈనకు ఇంత బాధ ఉన్నదని నాకు తెల్వదు. మంచి మనిషి" అన్నాడు.

అది చాలదన్నట్టు, అదే రోజు బస్సు దిగింది ఏటూరునాగారం అత్త. మా ఆయనకు చిన్నమ్మ అవుతుంది. పిల్లకు బాగలేదని ఎవరో ఫోన్ చేశారట. ఒక చేతిలో తేనె సీసా, ఇంకో చంకలో బతికున్న నాటుకోడి. "దవాఖానకు తీస్కపోయిండ్రా లేదా?" అంటూనే లోపలికొచ్చింది. రోగం లేదు అత్తా, పరీక్షలు అంటే వినదు. పండు పుస్తకాలన్నీ ఎత్తి బీరువా మీద పెట్టేసింది. కోడిని తీసుకెళ్ళి పిల్ల చదువుకునే టేబుల్ కాలుకు కట్టేసింది.

"ఈ పుస్తకాలే పిల్ల రగతం తాగుతానయ్. ప్రాణం కంటే పరీక్ష ఎక్కువనా, చెప్పు?"

ఏం చెప్పను? నేను స్కూల్లో టెన్త్ పిల్లలకు చెప్పేది అదే కదా! కాకపోతే నేను కోడి లేకుండా చెప్తాను.

ఇక చూడండి మా ఇంటి సంగతి. చదువుదామంటే మనుషులు. పడుకుందామంటే మంచం మీద అత్త. సందులో ఆడుకుందామంటే, ఆడవాళ్ళంతా "అయ్యో పాపం" అన్నట్టు చూపులు. ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు, నేను చాయ్ పెడుతూనే ఉన్నాను. పండు మళ్ళీ అన్నం సగం వదిలేస్తోంది. అన్నిటికంటే నన్ను కోసేసింది ఏంటంటే, పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. డాబా మీద అంత ధైర్యం తెచ్చుకొని చెప్పుకుంది కదా, ఇంక ఈ జన్మలో నాకేదీ చెప్పదేమో అనిపించింది. అప్పుడు ఏం చేయాలి? ఆ భయం పరీక్షల కంటే పెద్దదైపోయింది. స్కూల్లో పిల్లలకు ధైర్యం చెప్పే మనిషి వంటింట్లో స్టవ్ ముందు నిలబడి ఏడ్చింది. పాలు పొంగి పోయాయి కూడా.

మంగళవారం. తెల్లారితే పరీక్ష. స్కూల్‌కు సెలవు పెట్టాను, ఈ రోజు గుమ్మం దాటి ఒక్కరినీ రానివ్వద్దని. మధ్యాహ్నం దాటగానే గేటు చప్పుడైంది. చూద్దును కదా, స్త్రీల సమాజం మొత్తం! చాపలు, పాటల పుస్తకాలు, కంజీర. వెనకాల అయ్యగారు, ఇమ్మానుయేలు సారు.

"ఉపవాస ప్రార్థన ఈసారి మీ ఇంట్లనే అని నిర్ణయం చేసినం" అంది మార్తమ్మ వదిన. "చెప్తే వద్దంటవని చెప్పలే."

ఏమంటాం? దేవుని పేరు మీద వచ్చినవాళ్ళను వెళ్ళిపొమ్మని ఎలా అంటాం? హాల్లో చాపలు పరిచారు. వరండాలో పరిచారు. మా ఆయన ఆ రోజు యార్డు మానేశాడు, ఆయనను సారు తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. నేను నీళ్ళందించి, ఫ్యాన్లు వేసి, వాళ్ళకూ వీళ్ళకూ జరగమని చెప్పేసరికి పాటలు మొదలైపోయాయి. ఒకటి తర్వాత ఒకటి. చాలాసేపయ్యాక వదిన, "ఇగ బిడ్డను తీస్కరా సువర్ణా, తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేద్దాం" అంది.

గదిలోకి వెళ్ళాను. మంచం మీద అత్త కునుకు తీస్తోంది. టేబుల్ కింద కోడి ఉంది. పండు లేదు.

బాత్‌రూమ్‌లో లేదు. డాబా మీద లేదు. వెనక తలుపు తెరిచి ఉంది. ఫోను మంచం మీదే పడి ఉంది. గోడ పట్టుకొని హాల్లోకొచ్చి, "పండు కనవడ్తలేదు" అన్నాను. కంజీర ఆగిపోయింది.

"నేను అనుకున్న! ఆ పిలగానితోని పోయిందా?" అంది మార్తమ్మ వదిన.

"తండ్రి అట్లుంటే పిల్ల ఇంట్ల ఎట్లుంటది?" అన్నారు ఇమ్మానుయేలు సారు.

"తండ్రి ఎట్లున్నడు సార్?" అన్నాడు మా ఆయన.

"ఎక్కడ కండ్లు తిరిగి పడ్డదో!" అని గదిలో నుంచి అత్త శోకం అందుకుంది.

ఏమైందో నాకు తెలియదు, అరిచేశాను. అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలియదు.

"పిలగాడు లేడు! తాగుడు లేదు! రోగం లేదు! ఆయన కండ్లు మిర్చికి ఎర్రగైతయ్! నా బిడ్డకు పరీక్షంటే భయం! అంతే! నాకొక్కదానికే చెప్పుకున్నది. ఎవ్వరికి చెప్పొద్దన్నది, నేను చెప్పలే! చెప్పకుంటనే ఇంత జేసిన!"

కోడి ఒక్కటే కొక్కొక్కో అంది. చివరికి మార్తమ్మ వదిన అడిగింది, "గింతేనా?" అని. ఆ గొంతులో కాస్త నిరాశ కూడా వినిపించింది, దేవుడు నన్ను క్షమించు గాక.

"గింతదాన్ని చెప్పుకోలేనిది అన్నవేంది? మా చిన్నోడు టెన్త్. హాల్ టికెట్ వచ్చిన కాన్నుంచి రోజు కడుపునొప్పి అంటాండు, మేం దొంగ నొప్పనుకుంటానం" అంది మళ్ళీ వదినే.

"మా పిల్ల నిద్రల లెక్కలు చదువుతాంది" అంది ఇంకొకామె. మూలన కూర్చున్న ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడవడం మొదలుపెట్టింది. ఎవరి పిల్లల భయాలు వాళ్ళు బయట పెట్టుకుంటున్నారు. నాకు అవేవీ తలకెక్కడం లేదు. మా ఆయన స్కూటర్ తాళం తీసుకొని అప్పటికే గేటు దగ్గరున్నాడు.

నేను వెనకెక్కాక, బండి తీస్తూ ఒక్క మాట అన్నాడు. "నాకన్న చెప్తే ఇద్దరం భయపడుదుం గదా."

పండు ఫ్రెండ్ ఇంటికి వెళ్ళాం. రాలేదు ఆంటీ అంది. కాలేజీ గేటు మూసి ఉంది. "రైల్వే స్టేషన్ దిక్కు చూద్దామా?" అన్నాడు మా ఆయన. వద్దు అన్నాను. ఎక్కడికి పోతున్నామో, ఏ రోడ్డు మీద ఉన్నామో తెలియడం లేదు. పిల్ల కనిపిస్తే చాలు, పరీక్ష రాయకపోయినా సరే, ఫెయిలైనా సరే అనుకుంటూ ఉన్నాను. ఏ చెప్పుకోలేని మాటలూ లేకుండా, ఉన్నదున్నట్టు ప్రార్థన చేసింది నేను అప్పుడే.

చర్చి ముందు నుంచి పోతుంటే మా ఆయన సడన్ బ్రేక్ వేశాడు. గేటు లోపల పండు సైకిల్! దాని పక్కన, చర్చి ఆవరణలో, మా పండు. అయ్యగారి చిన్నమ్మాయితో షటిల్ ఆడుతోంది. నెట్టు లేదు, గీత లేదు. కాక్ ఎటో పోతే ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. మా ఆయన అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఏమైంది అంటే, "మిర్చి" అన్నాడు. ఆ రోజు ఆయన యార్డుకు పోనేలేదు.

"గిక్కడికెందుకొచ్చినవ్ బిడ్డా?" అన్నాను. తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు.

"సంఘమంతా మనింట్లనే ఉన్నది గదా మమ్మీ. చర్చి ఖాళీగ ఉంటదని వచ్చిన" అంది పండు. "లోపల మస్తు సల్లగున్నది, సప్పుడు లేదు. ఇన్ని రోజులకు లోపలికి పోయినయ్ అక్షరాలు. జరసేపు చదివిన, జరసేపు ఆడుతాన, మల్ల చదువుత."

ఏ గోడకూ ఏ టైమ్‌టేబులూ లేదు. పిల్లే చేసుకుంది. నేను నిజం చెప్పేశాను.

"పండూ, నేను చెప్పేసిన. అందరి ముందట. నీకు పరీక్షంటే భయమని. నువ్వు పోయినవనంగనే వాళ్ళు ఏవేవో అంటాంటే ఆగలేకపోయిన. మాట తప్పిన బిడ్డా."

పండు బ్యాట్ కింద పెట్టింది. తిట్లకు సిద్ధమైపోయాను. ఆమె మాత్రం నన్ను చూసి నవ్వింది.

"మంచిగ చేసినవ్. ముందుగాల్నే చెప్తే అయిపోతుండె. లవ్ అంటరు, రోగమంటరు, డాడీ తాగుతడంటరు! గవన్ని విన్నంక నా భయం ఎంత చిన్నగ కనవడ్డదో తెల్సా?"

"పోయిందా మరి?"

"పోలే, ఉన్నది. ఉండనియ్. నువ్వు గిట్ల భయపడకుంటే చాలు, నాది నేను చూస్కుంట. మల్ల ఏమన్న అయితే నీకే చెప్త, సరేనా?"

నీకే చెప్త అంది! ఆ మాటకు నేను అక్కడే ఏడ్చేశాను, సిగ్గు లేకుండా. మా ఆయన ఇంటికి బయల్దేరాడు, అందరికీ పిల్ల దొరికిందని చెప్పి, చాపలు చుట్టించి పంపడానికి. నన్నూ వెళ్ళమంది పండు. ఇంకాసేపు చదువుకొని వస్తానంది. నేను వెళ్ళనన్నాను. పిల్లను మళ్ళీ కళ్ళ ముందు నుంచి పోనిచ్చే ధైర్యం నాకు లేదు.

"చివరి బెంచి మీద కూసుంట బిడ్డా. ఒక్క మాట మాట్లాడ. ఏం అడగ. నేనున్నట్టే నీకు తెల్వది."

"మాటనా?"

"మాట."

నమ్మండి, ఈసారి మాట నిలబెట్టుకున్నాను. పెదవి విప్పలేదు. ముందు బెంచిలో పండు పుస్తకం తెరిచింది. కిటికీల్లో నుంచి చల్లగా గాలి వస్తోంది. పైన ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది. పిల్ల పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది, కాసేపటికి ఇంకో పేజీ. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఎవరో భుజం తట్టారు. కళ్ళు తెరిచాను. బెంచి మీద అడ్డంగా పడుకొని ఉన్నాను, పండు మీదకి వంగి చూస్తోంది.

"మమ్మీ, లే. గురక పెడ్తానవ్. మైక్ లేకుంటనే చర్చంతా వినవడ్తాంది. సంస్కృతం ఎక్కుతలేదు. జర ఇంటికి పోయి పండుకో."

లేచి, చీర సర్దుకొని, ఏం మాట్లాడకుండా బయటికొచ్చేశాను. ఇంట్లో పిల్ల చదువు చెడగొట్టడానికి నాకు సంఘమంతా కావలసి వచ్చింది. చర్చిలో నేనొక్కదాన్నే సరిపోయాను.